పేరు తప్పిన సరస్సు



కెనడా దేశంలో 1969 వరుస కరెన్సీలో ఇరవై డాలర్ల నోటు ఒకటి ఉండేది. ఒకవైపు ఎలిజబెత్ మహారాణి బొమ్మ. వెనక్కి తిప్పితే ఒక కొండకొలను, దాని వెనకాల రంపపు పళ్ళలా లేచిన శిఖరాలు. నోటు ఆకుపచ్చది కాబట్టి కొలను కూడా ఆకుపచ్చగానే అచ్చయింది. తమాషా ఏమిటంటే, ఆ కొలనుకు లోకంలో పేరు తెచ్చింది దాని నీలం. నోటు చేతిలో పట్టుకున్నవాళ్ళకి ఆ నీలం ఎలా ఉంటుందో తెలియాలంటే బండెక్కి వెళ్ళి చూసుకోవాల్సిందే. జనం వెళ్ళారు. వెళ్తూనే ఉన్నారు. నోటు మారిపోయి, దాని మీదికి యుద్ధ స్మారకం వచ్చి చాలా ఏళ్ళయినా, కొలను పక్కన రాళ్ళగుట్ట మీద నిలబడి చూసే ఆ చోటును ‘ఇరవై డాలర్ల దృశ్యం’ అని పిలిచేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆ కొలను పేరు మొరైన్ లేక్. అల్బర్టా రాష్ట్రంలో, రాకీ పర్వతాల్లో, బాన్ఫ్ నేషనల్ పార్కులో ఉంది. సముద్రమట్టానికి దాదాపు 1,884 మీటర్ల ఎత్తు. విస్తీర్ణం 50 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు నూట పాతిక ఎకరాలు. మన వైపు ఓ మాదిరి ఊరచెరువే దీనికన్నా పెద్దది. లోతు చూస్తే, ఎక్కువలో ఎక్కువ 14 మీటర్లు. కొలతలు విన్నవాళ్ళు ‘ఇంతేనా’ అంటారు. చూసినవాళ్ళు కాసేపు ఏమీ అనరు.

కాల్గరీ నగరంలో తెలుగు ఇళ్ళు తక్కువేమీ కాదు. వేసవి వచ్చిందంటే ఆ ఇళ్ళలో చాలావాటికి ఊరి నుంచి అమ్మానాన్నలు దిగుతారు. పచ్చళ్ళూ పొడులూ పెట్టెల్లోంచి బయటికొచ్చాక, వారాంతంలో కారు బయల్దేరేది బాన్ఫ్ వైపే. అలాంటి ఇంటినొకదాన్ని అనుకుందాం. కర్నూలు వైపు పనిచేసి రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య, వాళ్ళ కొడుకు. ఈ ముగ్గురి వెనకాలే మనమూ పోదాం.

కాల్గరీ నుంచి లేక్ లూయీజ్ ఊరు దాదాపు 185 కిలోమీటర్లు. రెండు గంటల దారి. బాన్ఫ్ పార్కులోకి వచ్చాక హైవేకి అడ్డంగా పైన చెట్లూ గడ్డీ పెరిగిన వంతెనలు కొన్ని తగులుతాయి. వాటి మీద మనుషులు నడవరు. ఎలుగులూ, తోడేళ్ళూ, జింకలూ రోడ్డు దాటడానికి కట్టినవవి. రోడ్డుకి రెండు పక్కలా కంచె వేసి, పైన ఈ పచ్చటి వంతెనలూ కింద సొరంగాలూ పెట్టాక, బళ్ళ కింద పడి చచ్చే జంతువుల సంఖ్య 80 శాతానికి పైగా తగ్గింది. మొదట్లో జంతువులు నమ్మలేదు. ఎలుగులు ఈ దారికి అలవాటు పడడానికి కొన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు తల్లులు పిల్లల్ని వెంటేసుకుని మరీ దాటుతున్నాయి.

లేక్ లూయీజ్ దాకా సొంత కారు. అక్కణ్ణుంచి మొరైన్ లేక్‌కు కొండ పక్కగా పన్నెండు కిలోమీటర్ల చిన్న రోడ్డు. ఆ రోడ్డు మీదికి 2023 నుంచి సొంత కార్లు రానివ్వడం లేదు. అంతకు ముందు సంగతి అడిగితే కాల్గరీ వాళ్ళు కథలు చెబుతారు. తెల్లవారకముందే పార్కింగు నిండిపోయేది, చీకట్లో అర్ధరాత్రి బయల్దేరి వెళ్ళినవాళ్ళని కూడా వెనక్కి తిప్పి పంపేవాళ్ళు. ఇప్పుడు బస్సెక్కాలి. పార్కు వారి బస్సు టికెట్లు కొన్ని ఏప్రిల్‌లో వదులుతారు. మిగతావి ప్రయాణానికి రెండు రోజుల ముందు పొద్దున సరిగ్గా 8 గంటలకు. ఆ సమయానికి ఫోనూ, లాప్‌టాపూ, పక్కగదిలో ఇంకో ఫోనూ పెట్టుకుని కూర్చున్న కొడుకుని చూసి ఆ తల్లికి తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు గుర్తు రాకుండా ఎలా ఉంటాయి? 

కార్లు ఆపేయడం మీద గొణుగుడు లేకపోలేదు. కానీ ఏడాదికి నలభై లక్షలకు పైగా జనం వచ్చే పార్కు అది. అంత జనం ఇంత చిన్న లోయలోకి ఎవరి బండి వాళ్ళు వేసుకొస్తే మిగిలేది కొలను కాదు, పొగ. నడవలేనివాళ్ళ కోసం ప్రత్యేక అనుమతి ఉన్న బళ్ళను రానిస్తారు, సైకిళ్ళను రానిస్తారు. ఇదీ న్యాయంగానే ఉంది.

బస్సు అడవిలో మలుపు తిరిగేసరికి పక్కన ఒక కొండ మీద పడుతున్నట్టు లేస్తుంది. మౌంట్ టెంపుల్. 3,544 మీటర్లు. ఆ చుట్టుపక్కల అంతెత్తు కొండ ఇంకోటి లేదు. నెత్తిన ఎండాకాలంలో కూడా కరగని మంచు టోపీ. పేరు వినగానే మాస్టారి భార్య బస్సులోనే చేతులు జోడిస్తుంది.

“గుడి ఎక్కడుందిరా?”

“గుడి లేదమ్మా. టెంపుల్ అని ఒక దొర పేరు.”

ఆ దొర సామాన్యుడు కాదు. మన వాడే అనలేం గానీ, మనకు తెలియనివాడు కూడా కాదు. సర్ రిచర్డ్ టెంపుల్. 1867లో హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్నాడు. 1874లో బీహారులో కరువొస్తే బర్మా నుంచి బియ్యం తెప్పించి చావుల్ని దాదాపు లేకుండా చేశాడు. అందుకు మెప్పు రావాలి కదా? డబ్బు తగలేశాడని తిట్లు తిన్నాడు. ఆ తిట్లు ఆయనకు బాగానే పనిచేశాయి. 1877లో మద్రాసు రాజధానిలో కరువు పడ్డప్పుడు వైస్రాయి లిట్టన్ ఆయన్నే దూతగా పంపాడు. ఈసారి వచ్చిన టెంపుల్ వేరే మనిషి. కరువు పనుల్లో మట్టి మోసే మగకూలీకి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కన్నా తక్కువ. మద్రాసులో ప్రజారోగ్యం చూసే డాక్టర్ కార్నిష్ ఆ కొలతతో మనుషులు బతకరని గట్టిగా పోట్లాడాడు. ‘టెంపుల్ కూలి’ అనే మాట చరిత్ర పుస్తకాల్లో అలా నిలిచిపోయింది.

అది ధాతు నామ సంవత్సరం. రాయలసీమ ఇళ్ళలో ‘ధాత కరువు’ అని చెప్పుకునే కరువు అదే. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. మద్రాసు, ఆంధ్ర తీరాల వెంబడి సాగే బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కరువు పనుల్లో తవ్విందే.

ఇంతకీ ఆ దొర పేరు కెనడా కొండకు ఎలా ఎక్కింది? 1884లో బ్రిటిష్ శాస్త్రవేత్తల సభ ఒకటి మాంట్రియల్‌లో జరిగింది. సభ అయ్యాక కొందరు రాకీ పర్వతాలు చూడటానికి రైలెక్కారు. ఆ బృందానికి పెద్ద రిచర్డ్ టెంపుల్. భూగర్భ శాస్త్రవేత్త జార్జ్ డాసన్ మర్యాదగా ఒక శిఖరానికి ఆయన పేరు పెట్టేశాడు. కర్నూలు మాస్టారు ఆ బస్సులో కూచుని తన ముత్తాతల నాటి కరువు కూలి లెక్క వేసినవాడి పేరున్న కొండను కెనడాలో చూస్తాడని డాసన్‌కు ఎలా తెలుస్తుంది? మాస్టారు మాత్రం ఒక్క మాటే అంటాడు: “అరకిలోకి తక్కువ గింజలిచ్చినోడికి ఇంత కొండనా!”

ఈ లోయలో పేర్లన్నిటి వెనకా ఇలాంటి మెలిక ఏదో ఒకటి ఉంది. అసలు కొలను పేరే తప్పు.

1890ల్లో వాల్టర్ విల్‌కాక్స్, శామ్యూల్ అలెన్ అనే ఇద్దరు అమెరికా కుర్రాళ్ళు ఈ కొండల వెంట పడ్డారు. 1894లో ఇంకో మిత్రుడితో కలిసి మౌంట్ టెంపుల్ కొన ఎక్కిందీ వీళ్ళే. పైనుంచి చూస్తే పక్క లోయ అంతా రాళ్ళూ మంచూ, పచ్చదనం లేదు. విల్‌కాక్స్ దానికి ‘పాడుబడ్డ లోయ’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1899లో ఆ లోయలోకి దిగి కొలను ఒడ్డుకు చేరాడు. ఒక పెద్ద రాతి మీద నిలబడి గడిపిన ఆ అరగంట తన జీవితంలోకెల్లా సంతోషకరమైందని తర్వాత రాసుకున్నాడు. పాడుబడ్డ లోయలోనే, చూడండి.

ఆ సంతోషంలో చిన్న పొరపాటు జరిగింది. హిమానీనదం, అంటే మంచు ఏరు, కొండల మీదినుంచి జారుతూ వచ్చేటప్పుడు రాళ్ళనీ మట్టినీ ముందుకు తోసుకొస్తుంది. కరిగి వెనక్కి పోయినప్పుడు ఆ పోగు కట్టలా అక్కడే మిగిలిపోతుంది. దాన్నే మొరైన్ అంటారు. కొలను నీటిని ఆపుతున్న పెద్ద రాళ్ళగుట్టను చూసి విల్‌కాక్స్ ఇది మొరైన్ అనుకుని, కొలనుకు ఆ పేరే పెట్టాడు. తర్వాత వచ్చిన భూగర్భ శాస్త్రవేత్తలు గుట్టను పరీక్షగా చూశారు. అది మంచు తోసుకొచ్చిన పోగులా లేదు. పక్కనే నిటారుగా నిలబడ్డ టవర్ ఆఫ్ బేబెల్ అనే కొండ నుంచి ఒక పెద్ద ముక్క విరిగి పడి అడ్డం కట్టినట్టుంది. అంటే అది కొండచరియ కట్టిన చెరువుకట్ట. మేస్త్రీ ఎవరో తెలిసింది గానీ అప్పటికే శిలాఫలకం మీద ఇంకొకరి పేరు చెక్కేశారు. అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ గుట్ట ఎక్కుదాం. బస్సు దిగిన చోటి నుంచి పావుగంట నడక. రాతి మెట్లు పేర్చారు కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా మెల్లగా ఎక్కేయొచ్చు. ఎక్కేటప్పుడు అందరి చూపూ పైనే ఉంటుంది. కానీ ఒక్కసారి కాళ్ళ దగ్గరి రాతిని చూడాలి. కొన్ని బండల మీద దగ్గర దగ్గరగా గీతలు, ఇసుక మీద అల ఆడి వెళ్ళినట్టు. అల ఆడి వెళ్ళిన గుర్తులే అవి. ఈ రాయి యాభై కోట్ల ఏళ్ళ కిందట సముద్రపు అడుగున ఇసుక. గట్టిపడి, కొండై, విరిగి, పడి, ఇప్పుడు మనిషికి మెట్టుగా పనికొస్తోంది. మన సముద్రతీరాల్లో పొద్దున్నే నీళ్ళు వెనక్కి పోయాక తడి ఇసుక మీద కనబడే గీతలు ఎలా ఉంటాయో, అచ్చం అలాగే ఉంటాయి. వేలితో తడిమితే గరుకు.

పైకి చేరాక ఎదురుగా నీలం.

ఆ నీలాన్ని ఏమనాలో తేలదు. నెమలి కంఠం అనొచ్చు గానీ అందులో మెరుపుంది, ఇందులో పాలు కలిసిన మందం ఉంది. ఇస్త్రీ బట్టలకు పెట్టే నీలిమందు బక్కెట్లో ఎక్కువైనప్పుడు వచ్చే రంగు కొంత దగ్గర. ఫోటో తీసి ఇంటికి పంపితే ‘రంగులు ఎక్కువ పెట్టావు’ అని మేనత్తలు అంటారు. పెట్టలేదు. 

ఈ రంగు రాతిపిండిది. మంచు ఏరు కొండ మీద కదిలేటప్పుడు అడుగున ఇరుక్కున్న రాళ్ళు కింది బండను గీరుతూ పోతాయి. తిరగలిలో కింద రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది, ఇక్కడా అంతే. తిప్పే చెయ్యి మాత్రం బరువూ వాలూ. అలా నలిగిన రాయి పౌడరంత మెత్తనవుతుంది. ఎండలు ముదిరి మంచు కరిగినప్పుడు ఆ పిండి నీళ్ళతో కలిసి కొలనులోకి వస్తుంది. రేణువులు ఎంత చిన్నవంటే అడుగుకు దిగకుండా రోజుల తరబడి నీళ్ళలో తేలుతుంటాయి. సూర్యకాంతిలో ఎరుపును నీరు మింగేస్తుంది. మిగిలిన నీలం, పచ్చ కాంతుల్ని ఈ రేణువులు చెదరగొట్టి మన కంటికి తిప్పి పంపుతాయి. 

కొలను ఒడ్డున వంగి దోసిట నీళ్ళు పడితే నీలం ఉండదు. లేత మజ్జిగ తేటలా కాస్త మసక, అంతే. మాస్టారి భార్య రెండు మూడు సార్లు పట్టి చూస్తుంది. వేళ్ళు జివ్వుమని మొద్దుబారతాయి. ఎండాకాలం మధ్యలో కూడా ఆ నీళ్ళలో చెయ్యి ఎక్కువసేపు ఉంచలేరు. 

ఎండలు ముదిరాకే పిండి వస్తుందన్న సంగతి తెలియక తొందరపడ్డవాళ్ళు నిరాశపడతారు. రోడ్డు సాధారణంగా జూన్ మొదట్లో తెరుస్తారు, అక్టోబరు మధ్యలో మూసేస్తారు. చలికాలంలో మంచుచరియలు విరిగిపడే దారి అది. జూన్ మొదట్లో వెళ్ళినవాళ్ళకి కొలను మీద ఇంకా మంచు పలకలు కనిపించొచ్చు. నీటిమట్టం తక్కువ, పిండి ఇంకా రాలేదు, రంగు ఇంకా తేలలేదు. జూన్ నెలాఖరుకు కొలను నిండుతుంది. జులై, ఆగస్టుల్లో రంగు ముదురుతుంది. బస్సు టికెట్లకు గిరాకీ కూడా అప్పుడే.

వెనకాల ఆ శిఖరాల వరస సంగతి. వాటిని పది శిఖరాల లోయ అంటారు. అలెన్ వాటికి ఒకటి నుంచి పది దాకా అంకెలే పేర్లుగా పెట్టాడు. ఇంగ్లీషు అంకెలు కాదు, అక్కడి స్టోనీ నకోడా ఆదివాసుల భాషలో అంకెలు. హీజీ, నోమ్, యామ్నీ, టోన్సా, సప్తా... 

మాస్టారు ఇక్కడ ఆగిపోతాడు. “ఐదోదానికి సప్త అంటారేందిరా? ఏడు కదా!”

వాళ్ళ భాషలో ఐదే. సంస్కృతానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అది సూ భాషల కుటుంబానికి చెందిన భాష. రెండు భాషలు భూగోళానికి రెండు వైపులా పుట్టి, ఒకే శబ్దానికి చెరొక అంకె కట్టాయి. ఆరు షప్పీ, ఏడు సగోవా, ఎనిమిది సక్నోవా, తొమ్మిది నెప్ట్యువాక్, పది వెంక్‌చెమ్నా. వెంక్ అని వినబడగానే మాస్టారి భార్యకు ఎవరు గుర్తొచ్చి ఉంటారో చెప్పనక్కర్లేదు.

పేర్లు ఇలా ఉండనిస్తే బాగుండేది. తర్వాతివాళ్ళు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయారు. ఒకటో శిఖరం బోస్టన్ ఆచార్యుడు చార్లెస్ ఫే పేరుకు పోయింది. మూడోది అల్బర్టా లెఫ్టినెంట్ గవర్నరు బౌలెన్‌కు. ఐదో శిఖరం, మన సప్త, వాల్టర్ పెరెన్ అనే స్విస్ గైడు పేరు మీదికి మారింది. కెనడా పార్కుల్లో కొండల మీద చిక్కుకున్నవాళ్ళని కాపాడే సిబ్బందికి శిక్షణ ఇచ్చి తయారుచేసినవాడాయన, కాబట్టి ఆ ఒక్క మార్పును తప్పు పట్టడం కష్టం. ఏడోది 1906లో మొదటిసారి దాన్ని ఎక్కిన హెన్రియెట్టా ట్యూజో పేరైంది. ఆ రోజుల్లో పొడుగు గౌన్లతో కొండలెక్కే ఆడవాళ్ళకి అది చిన్న గౌరవం కాదు. ఆరోదానికి స్వయంగా అలెన్ పేరే పెట్టారు. అతను పెట్టిన పేరు తీసేసి అతని పేరే తగిలించడం సన్మానమో సవరణో తెలియదు. పదిలో మూడే, టోన్సా, నెప్ట్యువాక్, వెంక్‌చెమ్నా, పాత అంకెలతో మిగిలాయి.

అంకెలిచ్చిన నకోడా మనుషుల గతి అంకెల కన్నా బాగాలేదు. 1883లో రైలుమార్గం పనివాళ్ళు ముగ్గురు బాన్ఫ్ దగ్గర వేడినీటి బుగ్గలు చూశారు. 1885లో ప్రభుత్వం ఆ చోటును తన కిందికి తెచ్చుకుంది. అదే పెరిగి కెనడా మొదటి జాతీయ పార్కు అయింది. తరతరాలుగా ఆ లోయల్లో వేటాడి బతికిన నకోడాలకు వేట మీద నిషేధం వచ్చింది, పార్కులోంచి వాళ్ళను దూరం పెట్టారు. ఏడాదికోసారి బాన్ఫ్ ఊళ్ళో యాత్రికుల వేడుకకు మాత్రం ఈకల కిరీటాలతో, గుర్రాలతో రమ్మని పిలిచేవాళ్ళు. పక్కనున్న ప్రసిద్ధ సరస్సుకీ వాళ్ళ పేరొకటి ఉండేది, ‘చిన్న చేపల సరస్సు’ అని. 1882లో టామ్ విల్సన్ అనే మనిషిని అక్కడికి తీసుకెళ్ళి చూపించింది నకోడా గైడే. దాన్ని ఇప్పుడు విక్టోరియా రాణి కూతురి పేరుతో లేక్ లూయీజ్ అంటున్నారు. రాష్ట్రం పేరు అల్బర్టా కూడా ఆవిడదే. ఒకే రాజకుమారి పేరు రెండు ముక్కలు చేసి ఒకటి సరస్సుకీ ఒకటి రాష్ట్రానికీ పంచారు.

గుట్ట మీద కాసేపు కదలకుండా కూచుంటే రాళ్ళ సందుల్లోంచి ‘కీక్’ మని ఒక కూత వినిపిస్తుంది. పికా. చూస్తే తోక లేని ఎలుకలా ఉంటుంది, చెవులు గుండ్రంగా ఉంటాయి, కానీ కుందేలుకు చుట్టం. ఇది చలికాలం నిద్రపోదు. అందుకే వేసవంతా గడ్డీ పూలూ కొరికి తెచ్చి, ఎండబెట్టి, రాళ్ళ కింద వాము వేసుకుంటుంది. నోట్లో తనకన్నా పొడుగైన గడ్డిపోచ అడ్డంగా పట్టుకుని రాతి మీద నుంచి రాతి మీదికి దూకుతూ పోతుంటే, కోతల కాలంలో గడ్డి బండి వెనక నడిచిన ఎవరికైనా నవ్వొస్తుంది.

పికా ముద్దొచ్చినా, ఉడుత ఒళ్ళోకెక్కి అడిగినా మెతుకు పెట్టకూడదు. పార్కులో జంతువులకు తిండి పెట్టడం నేరం, జరిమానా 25,000 డాలర్ల దాకా పడొచ్చు. పులిహోర డబ్బా తెరిచి కూచున్న కుటుంబానికి ఇది పెద్ద పరీక్షే. అక్కడి బూడిదరంగు నట్‌క్రాకర్ పక్షులు చేతిలో ముద్ద ఉండగానే పక్కన వాలతాయి. రాయి జేబులో వేసుకుని రావడం కూడా నిషేధమే. 

ఎలుగు సంగతి వేరు. పార్కు మొత్తం మీద గ్రిజ్లీ ఎలుగులు 65 దాకా ఉంటాయని అంచనా. కొలను దగ్గరి గుంపులో వాటి భయం తక్కువే గానీ, అక్కణ్ణుంచి లార్చ్ లోయకు నడిచే దారి వాటి ఇలాకా. కొన్ని కాలాల్లో ఆ దారిలో కనీసం నలుగురు దగ్గర దగ్గరగా కలిసి నడవాలని చట్టపరంగా నియమం పెడతారు. ఇద్దరు వెళితే కుదరదు. అప్పుడు దారి మొదట్లో చూడాలి తమాషా! పేకాటకు చెయ్యి తక్కువైనట్టు, జంటలు జంటలుగా నిలబడి ఇంకో ఇద్దరి కోసం ఎదురుచూస్తుంటారు. జర్మనీ జంట, కొరియా జంట, మన గుంటూరు కుర్రాళ్ళు కలిసి ఒక ‘కుటుంబం’ అయిపోతారు. నడుస్తున్నంతసేపు గట్టిగా మాట్లాడుతుండాలి, ఎలుగుకు మన రాక ముందే తెలియాలి. గట్టిగా మాట్లాడమంటే మనవాళ్ళకి కష్టమేముంది.

ఆ లోయలో లార్చ్ చెట్లు సెప్టెంబరు రెండో సగంలో పసుపురంగుకు తిరుగుతాయి. సూదుల ఆకుల చెట్లు సాధారణంగా ఏడాదంతా పచ్చగా ఉంటాయి. లార్చ్ మాత్రం ఆకు రాల్చేస్తుంది. రాల్చే ముందు రెండు మూడు వారాలు కొండ పక్కలన్నీ బంతిపూలు ఎండబోసినట్టుంటాయి. దసరాకు కాస్త ముందే. 

ఇక ఈ తిరగలి ఎంత కాలం తిరుగుతుంది అన్న ప్రశ్న. కొలనుకు పిండి పంపే వెంక్‌చెమ్నా హిమానీనదం పది శిఖరాల పాదాల దగ్గర, వాటి నీడలోనే పడుకుని ఉంది. చూస్తే మంచులా కనబడదు, రాళ్ళ దిబ్బలా ఉంటుంది. పైనుంచి రాలిపడిన రాళ్ళు దాన్ని దుప్పటిలా కప్పేశాయి. దట్టమైన ఆ కప్పు మంచును ఎండ నుంచి కొంత కాపాడుతుంది. తెల్లగా ఎండకు తెరిచి ఉన్న మంచు ఏళ్ళకు ఆ రక్ష లేదు. ఇదే పార్కులో ఉత్తరాన పేటో అనే హిమానీనదం ఉంది. 1960ల నడుమ నుంచి దాన్ని ఏటా కొలుస్తున్నారు. యాభై ఏళ్ళలో అది తన రాశిలో దాదాపు 70 శాతం పోగొట్టుకుంది. ఒకప్పుడు మంచు ఉన్నచోట ఇప్పుడు కొత్త కొలనొకటి పుట్టింది. మంచు ఉన్నంతకాలమే పిండి, పిండి ఉన్నంతకాలమే ఈ నీలం. మంచు పూర్తిగా పోయిన లోయల్లో కొలనులు ఉంటాయి, నీళ్ళు తేటగా ఉంటాయి, అడుగు కనిపిస్తుంది. వాటినీ అందంగా లేవనలేం. వాటి కోసం పొద్దున 8 గంటలకు ఎవరూ ఫోను పట్టుకుని కూచోరు.

సాయంత్రం చివరి బస్సుల్లో ఒకటి ఎక్కే ముందు మాస్టారు కొలను కొసన ఆగుతాడు. కొట్టుకొచ్చిన దుంగలు అక్కడ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటి కిందినుంచి నీళ్ళు గలగలమంటూ వాగులా బయటికి పోతున్నాయి.

“ఇదెక్కడికి పోతుందిరా?”

“బో నదిలోకి, నాయనా. బో నది మన కాల్గరీకి. అక్కణ్ణుంచి తూర్పుగా పోయి పోయి, హడ్సన్ అఖాతంలో కలుస్తుంది.”

“మనింట్లో కుళాయికి వచ్చేది ఇదేనా?”

“మనది ఊరికి ఉత్తరం పక్క కాబట్టి ఎక్కువగా బో నీళ్ళే. ఏడాది మొత్తం మీద చూస్తే అందులో మంచు ఏళ్ళ వాటా తక్కువే. చాలావరకు చలికాలంలో కురిసి వసంతంలో కరిగే మంచు, వానలు. ఆగస్టులో, వానల్లేని ఏళ్ళలో మాత్రం ఈ మంచు ఏళ్ళే ఆదుకుంటాయి.”

రాత్రి పదిన్నరకు ఇల్లు చేరారు. ఆ వేసవిలో అక్కడ అప్పటికింకా పూర్తిగా చీకటి పడదు. తల్లి చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, గాజుగ్లాసు నింపి, దీపానికి అడ్డం పెట్టి చూసింది.

“ఏం కనబడతాందే?” అన్నాడు మాస్టారు హాల్లోంచి.

“ఏం లేదు. మంచినీళ్ళు,” అని, సగం తాగి, మిగతా సగం ఆయనకిచ్చింది.